ముసుగు నిలవని ఊరు

షాబాద్‌లో ఓ చాయ్ హోటల్. మూలకు టీవీ. తెలుగులోకి డబ్ చేసిన ఇంగ్లీషు సినిమా నడుస్తోంది. ఆకాశంలోంచి ఏదో లోహపు జంతువు దిగింది. వీపుకు ఎర్ర గుడ్డ కట్టుకున్న వీరుడు దాన్ని ఒక్క గుద్దు గుద్దాడు. అది పోయి ఓ మేడకు తగిలింది, ఆ మేడ పక్క మేడ మీద పడింది, రెండూ కలిసి రోడ్డు మీదికొచ్చాయి. పొద్దున్నే కూరగాయల మూటలు బండికెక్కించి వచ్చి కూర్చున్న పెద్దాయన సాసర్లోకి చాయ్ ఒంపుకుంటూ అడిగాడు: "గిన్ని బిల్డింగులు కూలగొట్టిండు గదా, మల్ల గవన్నీ ఎవలు కట్టిస్తరు?"

అందరూ నవ్వారు. ఆయన నవ్వలేదు. ఇల్లు కట్టి చూడమని పెద్దలు ఊరికే అన్నారా? ఒక్క గదికి స్లాబు పోయించాలంటే ఎన్ని పంటలు కలిసి రావాలో తెలిసిన మనిషికి, వీధి వీధంతా నిమిషంలో నేలమట్టమైపోవడం వినోదంగా తోచదు. ఆలోచిస్తే సూపర్ హీరో కథలు రాసేవాళ్లనూ, తీసేవాళ్లనూ అడగాల్సిన ప్రశ్న కూడా ఆ దరిదాపుల్లోనే ఉంది. ఇంతకీ ఆ వీరుడిది ఏ ఊరు?

అదే సినిమా చూస్తూ మన ఇళ్లలో తల్లులు అడిగే ప్రశ్న ఇంకొకటుంది. "మనోడుండేది గక్కడికి దూరమేనా?" న్యూయార్క్ మీద ఏ గ్రహాంతర సేన దిగినా, న్యూజెర్సీలో కొడుకున్న తల్లికి ఓ క్షణం గుండె ఝల్లుమంటుంది. పక్కనే మొయినాబాద్ మండలంలో చిలుకూరు బాలాజీ ఉన్నాడు. వీసా కోసం పదకొండు ప్రదక్షిణలు చేసి మొక్కుకుంటారు. పని అయ్యాక వచ్చి 108 చుట్లు తిరిగి మొక్కు తీర్చుకుంటారు. అంకెలు అచ్చేసిన కాగితం చేతబట్టుకుని, చుట్టుకో అంకె కొట్టేసుకుంటూ పరుగులాంటి నడక నడిచే ఆ పిల్లల్ని చూడాలి. వాళ్లలో చాలామంది పోయేది సినిమాల్లో ఎప్పుడూ కూలుతుండే ఆ ఊళ్ల వైపుకే.

ఆ తల్లులకు ఊరటగా ఒక మాట చెప్పొచ్చు. 2012లో వచ్చిన 'ది ఎవెంజర్స్'లో న్యూయార్క్ వీధుల్లో జరిగే యుద్ధాన్ని చాలావరకు న్యూయార్క్‌లో తీయలేదు. ఒహాయో రాష్ట్రంలోని క్లీవ్‌లాండ్‌లో ఓ వీధిని మూసి తీశారు. అక్కడా మనవాళ్ల పిల్లలున్నారు, అది వేరే సంగతి.

వీరుడిది ఏ ఊరన్న గొడవ ఈమధ్య షాబాద్‌లోనే కొందరు కుర్రాళ్ల మధ్య నడిచింది. డిగ్రీ చదువుతున్నవాళ్లు, చదివి ఖాళీగా ఉన్నవాళ్లు. వాళ్లలో ఒకడిది బొమ్మలేసే చెయ్యి. లాంగ్ నోటుబుక్కులో బాల్‌పెన్నుతో ఒక వీరుడి కథ గీశాడు. దాన్నే ఫోన్‌తో చిన్న సినిమాగా తీద్దామని మిగతావాళ్లు కూడారు. వీరుడి శక్తి ఏమిటో ఒక్క సాయంత్రంలో తేలిపోయింది. కరెంటు వైరు ముట్టుకుంటే అతనికేమీ కాదు, పైగా బలమొస్తుంది. అర్ధరాత్రి త్రీఫేజు కరెంటు ఎప్పుడొస్తుందా అని మోటారు దగ్గర పడుకున్న తండ్రుల ఇళ్లలో పుట్టిన ఊహ అది. ముసుగు రంగు కూడా తేలింది. ఊరే తేలలేదు.

నోటుబుక్కులో ఆ చిక్కు లేదు. వీరుడి వెనకాల స్కేలు పెట్టి నాలుగు నిలువు గీతలు, నాలుగు అడ్డ గీతలు గీస్తే పట్నం అయిపోయింది. కెమెరా ముందు అలా కుదరదు. దానికి నిజం గోడ కావాలి. ఆ గోడ మీద ఏ ఎలక్షన్ పోస్టరో, విత్తనాల కంపెనీ రాతో ఉండనే ఉంటుంది.

"హైదరాబాదే పెడదాం, హైటెక్ సిటీ."

"ఆడ కెమెరా తీస్తే సెక్యూరిటోడు ఉరికిస్తడు."

"అయితే పేరు లేని పట్నం."

"పేరు లేంది పట్నమెట్లయితదిరా?"

"పోనీ షాబాదే అందాం."

"షాబాదంటే బండల ఊరనుకుంటరు."

ఆ చివరి మాటలో నిజముంది. తెలుగు దేశంలో సగం ఇళ్లలో నేల మీద పరిచింది షాబాదు బండే. ఆ బండల ఊరు కర్ణాటకలో, కలబురగి జిల్లాలో ఉన్న షాహాబాద్. మన షాబాద్ రంగారెడ్డి జిల్లాలో, చేవెళ్లకూ షాద్‌నగర్‌కూ నడుమ ఉంది. పేరు దీనిది, ప్రఖ్యాతి దానిది. ముసుగు వీరుడికి ఇంతకన్నా తగిన ఊరు ఎక్కడ దొరుకుతుందని నాకైతే అనిపించింది.

ఆ కుర్రాళ్లకు తెలుసో తెలియదో గానీ, వాళ్ల గొడవకు పెద్ద వంశమే ఉంది. సూపర్‌మేన్‌ను పుట్టించిన జెర్రీ సీగెల్, జో షుస్టర్ కూడా అప్పటికి అలాంటి కుర్రాళ్లే. క్లీవ్‌లాండ్‌లో ఒకే బడిలో చదివిన స్నేహితులు. ఒకడు రాసేవాడు, ఒకడు గీసేవాడు. 1932లో సీగెల్ తండ్రి బట్టల కొట్టులో దొంగలు పడ్డారు. ఆ గాభరాలోనే ఆయన గుండె ఆగి చనిపోయాడు. గుళ్లు తగిలినా ఏమీ కాని మనిషిని ఆ కొడుకు ఎందుకు ఊహించుకున్నాడో అతనెప్పుడూ విప్పి చెప్పలేదు. మనకూ అడగాలనిపించదు.

1938లో ఆ వీరుడు అచ్చులోకి వచ్చాడు. మరుసటేడు అతని ఊరికి మెట్రోపాలిస్ అని పేరు పెట్టారు. బొమ్మలేసే షుస్టర్ చిన్నతనం కెనడాలోని టొరంటోలో గడిచింది. అందుకే ఆ ఊరి మేడల్లో టొరంటో ఛాయలున్నాయి. కథలో పత్రికకు మొదట పెట్టిన 'డెయిలీ స్టార్' అన్న పేరు కూడా టొరంటో పత్రికదే. ఉన్న ఊరు ఒకటి, వదిలొచ్చిన ఊరు ఒకటి, రెండూ కలిపి లేని ఊరొకటి కట్టుకున్నారన్నమాట. వలసపోయిన వాళ్లందరూ చేసే పనే అది. 2025లో వచ్చిన కొత్త 'సూపర్‌మేన్' సినిమాకు మెట్రోపాలిస్‌గా చూపించింది ఎక్కువగా క్లీవ్‌లాండ్‌నే. పుట్టింటికి రావడానికి ఆ వీరుడికి ఎనభై ఏడేళ్లు పట్టింది.

బ్యాట్‌మేన్ ఊరి కథ ఇంకా తమాషాగా ఉంటుంది. రచయిత బిల్ ఫింగర్ సివిక్ సిటీ అనీ, క్యాపిటల్ సిటీ అనీ ఏవేవో అనుకున్నాడు. ఏదీ నోటికి ఆనలేదు. టెలిఫోన్ డైరెక్టరీ తిరగేస్తుంటే గోథమ్ జ్యువెలర్స్ అని ఓ నగల కొట్టు పేరు కనపడింది. ఇదే, అన్నాడు. న్యూయార్క్ అని రాస్తే ఆ కథ న్యూయార్క్ వాళ్లదే అవుతుందనీ, చదివే ప్రతివాడూ ఇది మా ఊరే అనుకోవాలనీ అతని ఆలోచన. ఆ కోరిక నెరవేరింది. 1989 నాటి సినిమాకు గోథమ్‌ను ఇంగ్లండ్ స్టూడియోలో సెట్ వేసి కట్టారు. క్రిస్టఫర్ నోలన్ దాన్ని షికాగోలో చూశాడు. 2022 నాటి సినిమాకు గ్లాస్గో, లివర్‌పూల్ వీధులు కూడా గోథమ్ అయ్యాయి. ఊరూరూ తిరిగి కాపురం పెట్టిన ఉద్యోగి సంసారం అది, బదిలీ అయినప్పుడల్లా సామాను అదే, ఇల్లు వేరు.

మన దేశానికి స్పైడర్‌మేన్ 2004లోనే వచ్చాడు. శరద్ దేవరాజన్, సురేశ్ సీతారామన్, బొమ్మలేసిన జీవన్ కాంగ్ కలిసి అతనికి ధోవతి కట్టి పవిత్ర్ ప్రభాకర్ అని పేరు పెట్టారు. పల్లెటూరి పిల్లవాడు, స్కాలర్‌షిప్పు మీద చదువుకోవడానికి ముంబయికి వస్తాడు. 2023లో 'అక్రాస్ ది స్పైడర్‌వర్స్' సినిమాలో అతనే మళ్లీ కనపడ్డాడు. ఈసారి ఊరు ముంబయీ కాదు, మన్‌హట్టనూ కాదు, రెంటినీ అతికించిన ముంబట్టన్. పాత ఇంద్రజాల్ కామిక్స్ రంగులు చూసి ఆ ఊరిని గీశారట. ఎటు చూసినా ట్రాఫిక్కే అని ఆ పిల్లవాడు తన ఊరిని పరిచయం చేసే తీరుకు తెలుగు డబ్బింగులో మన థియేటర్లూ ఘొల్లుమన్నాయి. అమీర్‌పేట చౌరస్తాలో రోజూ నిలబడేవాళ్లకు అది ముంబట్టన్ అని వేరే చెప్పాలా?

సాలెపోగు పట్టుకుని వేలాడే వీరుడికి మాత్రం ఎత్తైన మేడలు తప్పవు. షాబాద్‌కు వస్తే పాపం నీళ్ల ట్యాంకూ, కరెంటు టవర్లూ తప్ప అతనికి పట్టు దొరకదు. చేవెళ్ల దాకా పోగలిగితే పర్వాలేదు. హైదరాబాద్ నుంచి బీజాపూర్ పోయే ఆ రోడ్డుకు రెండు పక్కలా వందల కొద్దీ మర్రిచెట్లున్నాయి. ఊడలు పట్టుకుని ఈ చెట్టు నుంచి ఆ చెట్టుకు ఊగడం ఈ వైపు పిల్లలకు ఎవరూ నేర్పక్కర్లేని విద్య. సాలీడు కుట్టాల్సిన పని కూడా లేదు.

మనవాళ్లకు ఈ వీరులు కొత్తేం కాదు. 1980లోనే ఎన్.టి. రామారావు 'సూపర్ మేన్' అయ్యారు. అతనికి బలమిచ్చింది వేరే గ్రహం కాదు, ఆంజనేయుడు. మనకు ఎగిరే వీరుడంటే ముందు గుర్తొచ్చేది ఆయనే కదా. ఊరి విషయానికొస్తే మన సినిమావాళ్లు రాజ్యాలు కట్టడంలో దిట్టలు. మాహిష్మతి పురాణాల్లో ఉన్న పేరు, నర్మద ఒడ్డున ఉండేదంటారు. 'బాహుబలి' కోసం దాన్ని రామోజీ ఫిల్మ్ సిటీలో నిలబెట్టారు. అంతెందుకు, 2003లో 'ఒక్కడు' కోసం హైదరాబాద్‌లోనే చార్మినార్ సెట్ వేశారు. అసలు చార్మినార్ అదే ఊళ్లో 1591 నుంచీ ఉంది. కానీ దాని చుట్టూ గాజులమ్మేవాళ్లనూ, ఆటోలనూ, పావురాలనూ రోజుల తరబడి పక్కకు జరగమనడం ఏ నిర్మాత తరం?

ఈమధ్య మన పెద్ద సినిమాల చూపంతా కాశీ మీద పడింది. 2024లో వచ్చిన 'కల్కి'లో 2898 నాటికి భూమ్మీద మిగిలిన చివరి నగరం కాశీ. రాజమౌళి తన సినిమాకు 'వారణాసి' అనే పేరు పెట్టారు, 2025 నవంబరులో ప్రకటించారు. ఎందుకు కాశీ అంటే, కన్యాకుమారిలో ఉన్నవాడికైనా కశ్మీరులో ఉన్నవాడికైనా ఆ ఊరిని పరిచయం చేయనక్కర్లేదు. మెట్లు, నది, మంట చూపిస్తే చాలు. వెయ్యేళ్ల తర్వాతి కథ అయినా నమ్మేస్తాం.

మనవాళ్లకు కాశీతో ఇంకో చుట్టరికం ఉంది. కాశీకి పోయినవాడు కాటికి పోయినవాడు ఒకటే అనుకున్న రోజుల్లో, మధిర సుబ్బన్న దీక్షితులు 'కాశీ మజిలీ కథలు' రాశారు. కాశీకి నడిచిపోయే మణిసిద్ధుడు, ఆయన వెంట బయల్దేరిన ఓ పశువుల కాపరి పిల్లవాడు. మజిలీ మజిలీకీ పిల్లవాడు ఊళ్లోకి పోయి ఏదో ఒక వింత చూసొస్తాడు. దాని కథ చెప్పందే కదలనంటాడు. గురువుగారు చెప్పక తప్పదు. సంపుటాలకు సంపుటాలు అలా నడిచాయి. చూడండి, పేరు కాశీదే గానీ కథలన్నీ దారిలో ఊళ్లవే. మజిలీలో చూసిన వింత ఏదైతే అదే ఆ రాత్రి కథ. లొకేషన్ వెతుక్కోవడానికి ఇంతకన్నా మంచి పద్ధతి ఇప్పటిదాకా ఎవరూ కనిపెట్టలేదనుకుంటాను.

పల్లెలో కూడా సూపర్ హీరో ఉండొచ్చని 2024 సంక్రాంతికి 'హనుమాన్' చూపించింది. అంజనాద్రి అనే లేని పల్లె, అందులో చిల్లర దొంగతనాలు చేసుకునే హనుమంతు. సూపర్ హీరో అయిపోవాలన్న పిచ్చితో యంత్రాలన్నీ చేయించుకున్న ప్రతినాయకుడు, అసలు శక్తి కోసం వెతుక్కుంటూ ఆ పల్లెకే వస్తాడు. ఇక పిల్లల సంగతంటారా, వాళ్లకు ఢోలక్‌పూర్ కన్నా నిజమైన ఊరు లేదు. ఛోటా భీమ్‌ను 2008లో టీవీలోకి తెచ్చిన గ్రీన్‌గోల్డ్ సంస్థ హైదరాబాద్‌దే, దాన్ని పెట్టిన రాజీవ్ చిలక మనవారే. కానీ భీముడి లడ్డూలు ఢోలక్‌పూర్‌లో చేస్తారు. హైదరాబాద్‌లో పుట్టి, ఏ మ్యాపులోనూ లేని ఊళ్లో పెరిగి, దేశమంతటికీ పక్కింటి పిల్లవాడైపోయాడు. 2024లో అతని కథను మనుషులతో సినిమాగా కూడా తీశారు.

ఇన్ని ఊళ్ల కథలున్నా షాబాద్ కుర్రాళ్ల పంచాయితీ తెగలేదు. చివరికి ఊరి పేరు తర్వాత చూసుకుందాం, ముందు ఒక సీను తీసి చూద్దామనుకున్నారు. ఊరి చివర నీళ్ల ట్యాంకు కింద, పొద్దుగూకే వేళ. ముసుగేసుకున్న వీరుడు చేతులు కట్టుకుని నిలబడ్డాడు. కళ్లు తప్ప ఏమీ కనపడట్లేదు. ఫోన్ పట్టుకున్నవాడు యాక్షన్ అన్నాడు. గడ్డిమోపు నెత్తినబెట్టుకుని అటుగా పోతున్న ఒకామె ఆగనైనా ఆగకుండా, "ఏంరా, బర్రెను కట్టెయ్యమని మీ అమ్మ పొద్దట్నుంచి మొత్తుకుంటున్నది, నువ్వీడ నిలవడ్డవా?" అనేసి పోయింది.

ముసుగు నిలవలేదు. మొహం చూసి గుర్తుపట్టలేదామె. ఆ నిలబడే తీరు, ఓ పక్కకు అరిగిన చెప్పు, వాళ్ల నాయన లాగా కాస్త ముందుకు వంగిన భుజం. ఊళ్లో మనిషిని పోల్చుకోవడానికి మొహం దాకా పోవాల్సిన పని లేదు. బండి హారను వింటే ఎవరొచ్చారో తెలుస్తుంది. దగ్గు వింటే తెలుస్తుంది. చీకట్లో బీడీ నిప్పు ఎంత ఎత్తులో కదులుతోందో చూసి చెప్పే ముసలాళ్లున్నారు.

ఆ రోజు నాకొకటి తట్టింది. ఈ వీరులకు పట్నం ఎందుకు కావాలో ఇన్నాళ్లూ వేరేగా అనుకున్నాను. ఎత్తైన మేడలు కావాలి, జనం కావాలి, పెద్ద దొంగలు కావాలి అని. అవన్నీ పైపై సంగతులు. పట్నం కావలసింది ముసుగుకి. పక్కింటివాడెవడో తెలియని చోటే రెండో బతుకు సాగుతుంది. సూపర్‌మేన్‌ను చూడండి. ఒక్క కళ్లజోడు పెట్టుకుంటే మెట్రోపాలిస్‌లో అతన్నెవరూ పోల్చుకోలేరు. మనం నవ్వుకుంటాం గానీ, లక్షల మంది ఎవరి తొందరలో వాళ్లు పోయే ఊళ్లో అది సాధ్యమే. అతను పెరిగిన స్మాల్‌విల్ అనే పల్లెలో ఆ కళ్లజోడు ఒక్క పూట కూడా నిలవదు. అక్కడ మొక్కజొన్న చేను దగ్గర ఏ ముసలమ్మో పిలిచి, కళ్లకేమయ్యిందిరా అని అడుగుతుంది.

2021లో వచ్చిన మలయాళం సినిమా 'మిన్నల్ మురళి' తెలుగులోనూ చాలామంది చూశారు. కురుక్కన్‌మూల అనే చిన్న ఊరు, పిడుగు పడి శక్తులొచ్చిన ఓ దర్జీ. అతని కలంతా అమెరికా పోవాలని. మన చిలుకూరు దారిలో అలాంటివాళ్లు రోజుకు ఎందరో. ఆ ఊళ్లోనూ ముసుగు తెచ్చిపెట్టేది తంటాయే. ఒకడు చేసిన పని ఇంకొకడి మెడకు చుట్టుకుంటుంది. చివరికి ఊరి ముందు మొహం చూపించక తప్పదు.

పల్లె నుంచి పట్నం పోయిన ప్రతివాళ్లకూ ఈ సంగతి ఎంతో కొంత తెలుసు. బస్సు దిగిన మొదటి రోజు, ఎవరి బిడ్డవని ఎవరూ అడగరు. భయమేస్తుంది. కొన్నాళ్లకు అదే హాయిగా ఉంటుంది. ఇష్టమైన చొక్కా వేసుకోవచ్చు, ఎవరితోనైనా చాయ్ తాగొచ్చు, ఇంటర్ తప్పిన సంగతి ఎవరికీ తెలియదు. ఊళ్లో పది ఎకరాల ఆసామి పట్నంలో అపార్ట్‌మెంటు గేటు దగ్గర యూనిఫారంలో నిలబడతాడు. ఊళ్లో నోరెత్తని పిల్ల కాల్ సెంటర్‌లో ఇంకో పేరుతో గలగలా మాట్లాడుతుంది. రంగు చొక్కా, వీపున పెద్ద సంచి, తలకు హెల్మెట్టు వేసుకుని వానలో మనింటికి బిర్యానీ తెచ్చిన పిల్లవాడి మొహం ఎలా ఉందో మనలో ఎందరం చెప్పగలం? అతను హెల్మెట్టు తీయలేదు, మనమూ తలెత్తి చూడలేదు. రాత్రి గదికి పోయి ఇంటికి ఫోన్ చేసి, అంతా మంచిగనే ఉన్నది అమ్మా, తిన్న, అంటాడు. ఆ ముసుగు మాత్రం అమ్మల దగ్గర ఆగదు. గొంతేందిరా గట్లున్నది, అని అవతల నుంచి వెంటనే వస్తుంది.

ఒకప్పుడు హైదరాబాద్ కూడా ఇలా ఎవరికెవరూ తెలియని ఊరు కాదు. 1908 సెప్టెంబరులో మూసీ పొంగినప్పుడు అఫ్జల్‌గంజ్ దగ్గర ఓ చింతచెట్టు మీదికెక్కి దాదాపు నూట యాభై మంది బతికారు. ఆ చెట్టు ఉస్మానియా ఆస్పత్రి ఆవరణలో ఉంది. పట్నాన్ని కాపాడిన వీరుడెవరని అడిగితే పాతబస్తీ పెద్దలు దాని పేరే చెబుతారు. ఆ వరద తర్వాతే మోక్షగుండం విశ్వేశ్వరయ్య సలహా మీద మూసీకి అడ్డంగా గండిపేట చెరువు, ఈసాకు అడ్డంగా హిమాయత్‌సాగర్ కట్టారు. ఒకటి 1920లో, ఇంకొకటి 1927లో పూర్తయ్యాయి. మొయినాబాద్, చేవెళ్ల, షాబాద్ పొలాల మీద కురిసిన వానలో కొంత ఆ చెరువులకే చేరుతుంది. పట్నం చాలా ఏళ్లు తాగింది ఆ నీళ్లే. ఎక్కడి వానో పట్నంలో కుళాయి తిప్పినవాళ్లకు తెలియకపోవచ్చు. ఇక్కడివాళ్లు కూడా ఆ సంగతి పెద్దగా చెప్పుకోరు.

ఇప్పుడు షాబాద్ కూడా మారుతోంది. చందనవెల్లి వైపు పోతే తెలుస్తుంది. ఒకప్పుడు జొన్న, పత్తి వేసిన చోట పెద్ద పెద్ద షెడ్లు, వెల్‌స్పన్ ఫ్యాక్టరీ, కిటికీల్లేని డేటా సెంటర్లు. ఊళ్లో ఖాళీగా ఉన్న ముందుగదులు కిరాయికెక్కాయి. కిరాణా కొట్లో హిందీలో బేరమాడుతున్నారు. షిఫ్టు దిగి రాత్రి పదింటికి వచ్చే కుర్రాళ్లు బిహారు వాళ్లో, ఒడిశా వాళ్లో, అస్సాం వాళ్లో ఇంటివాళ్లకు కూడా సరిగ్గా తెలియదు. బండి చప్పుడు విని ఎవరిదో చెప్పడం ఇప్పుడు ఈ వీధిలో కుదరదు. ఇందులో బాధపడాల్సిందేమీ లేదు, మన పిల్లలు ఇంకో ఊళ్లో అలాగే ఉంటున్నారు. కాకపోతే గడ్డిమోపు ఎత్తుకుపోయే ఆమె కూడా ఈమధ్య కొందర్ని చూసి ఏమీ అనకుండా పోతోంది.

ఆ సంగతి మొదట గమనించింది బొమ్మలేసేవాడే. ముసుగు నిలవాలంటే మన ఊరోడు పనికిరాడు, ఎవరికీ తెలియనోడు కావాలి అన్నాడు. దాంతో కథ మారింది. వీరుడు ఇప్పుడు ఫ్యాక్టరీలో నైట్ షిఫ్టు చేస్తాడు, షాబాద్‌లో కిరాయి గదిలో ఉంటాడు. ఊరి పేరు షాబాదే, బండల ఊరనుకున్నా సరే అని తేల్చేశారు. పక్కింట్లో ఉండే బిహారు కుర్రాణ్నే అడిగారు. అతను చాలాసేపు నవ్వి, ఆదివారమైతే వస్తానన్నాడు, ఆ రోజు సెలవు.

ఒక్క చిక్కు మిగిలింది. వీరుడి చిన్నతనం చూపించడానికి ఒక పల్లె కావాలి. షాబాద్‌నే మళ్లీ ఇంకో ఊరిగా చూపిస్తే ఎవరు నమ్ముతారని ఒకడు, చెరువు ఎక్కడైనా చెరువే కదా అని ఇంకొకడు. ఆ బిహారు కుర్రాడే అడ్డుపడ్డాడు. ఛఠ్ పండక్కి ఇంటికి పోయినప్పుడు వాళ్ల ఊళ్లో, వాళ్ల నది ఒడ్డున ఆ సీన్లు తన ఫోన్లో తనే తీసుకొస్తాడట, చిన్నప్పటి వేషానికి వాళ్ల అక్క కొడుకున్నాడట. రైలు టికెట్ల వెయిటింగ్ లిస్టు ఇంకా కదల్లేదు. తత్కాల్‌కు ఎవరి ఫోన్లో నెట్టు బాగా వస్తుందో కుర్రాళ్లిప్పుడు అది చూస్తున్నారు.